భయం లేని చదువు - జిడ్డు కృష్ణమూర్తి

చిత్తూరు నుండి పూతలపట్టు, పీలేరుల మీదుగా మదనపల్లెకు సాగే దారిలో మామిడితోటలు, వేరుశనగ చేలు, చింతచెట్ల నీడలు ఒకదాని వెంట ఒకటి వచ్చి పోతుంటాయి. ఎవరో తీరికగా పేర్చి వెళ్ళినట్లు గుండు మీద గుండు నిలిచిన కొండలు దారి పొడవునా కనిపిస్తాయి. పడమరకు పోయేకొద్దీ నేల ఎత్తవుతుంది, గాలి చల్లబడుతుంది. ఆ మెట్టసీమలో పుట్టిన ఒక తెలుగు బాలుడు బడిలో మందబుద్ధి అనిపించుకొన్నాడు. పాఠం అప్పజెప్పలేక దాదాపు ప్రతిదినం బెత్తం దెబ్బలు తిన్నాడు. ఆ బాలుడే పెద్దవాడై అర్ధశతాబ్దానికి పైగా దేశదేశాలు తిరిగి, భయం ఉన్నచోట నేర్చుకోవడం జరగదని చెప్పాడు. ఆయనే జిడ్డు కృష్ణమూర్తి.

కృష్ణమూర్తి 1895 మే నెలలో మదనపల్లెలో జన్మించాడు. అప్పటికి చిత్తూరు జిల్లా ఏర్పడలేదు. మదనపల్లె మద్రాసు రాజధానిలోని కడప జిల్లాకు చెంది ఉండేది. తండ్రి నారాయణయ్య ఆంగ్లేయ ప్రభుత్వంలో రెవిన్యూ ఉద్యోగి, దివ్యజ్ఞాన సమాజ సభ్యుడు. తల్లి సంజీవమ్మ. ఎనిమిదవ సంతానం కావడంతో దేవకీనందనుని పేరు పెట్టుకొన్నారు. తండ్రికి బదిలీలు తప్పేవి కావు. కుటుంబం కడపలో ఉన్న రోజుల్లో రెండేళ్ళ పసివానికి మలేరియా సోకి ప్రాణం మీదికి వచ్చింది. గండం గడిచినా జ్వరం మాత్రం ఏళ్ళ తరబడి తిరగబెడుతూనే వచ్చింది. ఒక దశలో ఏడాదిపాటు బడి మానుకోవలసి వచ్చింది.

బడిలో ఆ బాలుని చూపు పుస్తకం మీద నిలిచేది కాదు. చీమల బారును, మబ్బులను గంటల కొద్దీ చూస్తూ కూర్చొనేవాడు. తన పలకనో పుస్తకాన్నో పేదపిల్లవానికి ఇచ్చి వట్టిచేతులతో ఇంటికి వచ్చేవాడు. అయితే ఒక సంగతి గమనింపదగినది. ఒకనాడు ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు గడియారాన్ని ఏ భాగానికి ఆ భాగంగా విప్పివేశాడు. దాన్ని తిరిగి కూర్చే వరకు బడికి పోనన్నాడు, అన్నానికీ లేవలేదు. దాదాపు ఆ దినమంతా శ్రమించి, తిరిగి కూర్చిన తరువాతనే కదిలాడు. అంతటి ఏకాగ్రత గల పిల్లవాణ్ణి మందబుద్ధి అనడం ఎంతవరకు న్యాయమో ఎవరూ ఆలోచించలేదు. బడి కోరిన శ్రద్ధ వేరు, బాలునిలో ఉన్న శ్రద్ధ వేరు.

1905లో సంజీవమ్మ మరణించింది. కృష్ణకు అప్పుడు పదేళ్ళు. జబ్బుపడిన బిడ్డను ఒడిలో పెట్టుకొని సాకిన తల్లి ఆమె. ఆమె పోయిన తరువాత ఆ ఇంట పిల్లల ఆలనాపాలనా చూచేవారు కరవయ్యారు. తండ్రి ఉద్యోగవిరమణ చేసి, ఆదాయం సగానికి పడిపోయి, 1909 జనవరిలో పిల్లలతో మద్రాసు శివార్లలోని అడయారు చేరాడు. దివ్యజ్ఞాన సమాజంలో ఆయనకు చిన్న కొలువు దొరికింది. ప్రహరీ వెలుపల ఒక పాత ఇంట్లో కాపురం. కృష్ణ, అతని తమ్ముడు నిత్యానంద మైలాపూరులోని ఉన్నత పాఠశాలకు మైళ్ళ దూరం నడిచి వెళ్ళేవారు. నిత్య చురుకైనవాడు, ఏ పాఠమైనా ఒకసారి వింటే పట్టుకొనేవాడు. కృష్ణ సంగతి అందుకు పూర్తిగా విరుద్ధం. పాఠం రాదు, దెబ్బలు పడతాయి. దెబ్బలు పడతాయన్న దిగులుతో మరునాటి పాఠమూ రాదు. ఒక్కొక్కసారి ఉపాధ్యాయుడు అతణ్ణి వరండాలో నిలబెట్టి ఆ సంగతే మరచిపోయేవాడు. బడి విడిచిన తరువాత తమ్ముడు వచ్చి చేయి పట్టుకొని ఇంటికి నడిపించుకొని పోయే వరకు ఆ పిల్లవాడు అక్కడే నిలబడి ఉండేవాడు.

వరండాలో నిలిచిన ఆ బాలుని శరీరంలో, మెదడులో ఏమి జరుగుతూ ఉండవచ్చునో చెప్పగల శాస్త్రం అప్పటికి ఇంకా పురిటిలోనే ఉంది. అంతకు ముందు సంవత్సరమే, అంటే 1908లో, యెర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రజ్ఞులు చుంచెలుకలతో ఒక ప్రయోగం జరిపారు. తప్పుదారి తొక్కినప్పుడల్లా వాటికి విద్యుత్తు చురక తగిలేది. సులభమైన పాఠాన్ని నేర్పడానికి గట్టి చురక పనికివచ్చింది. పాఠం కష్టమైనప్పుడు మాత్రం గట్టి చురక తిన్నవి వెనుకబడి, తేలికపాటి చురక తిన్నవే త్వరగా నేర్చుకొన్నాయి. లెక్కలూ, పరభాషా చుంచెలుక పాఠాల కంటె ఎంత కష్టమైనవో వేరుగా చెప్పనక్కరలేదు.

తరువాతి కాలంలో ఈ విషయం మరింత స్పష్టపడింది. ఆపద ఎదురైనప్పుడు మెదడు లోపల బాదంగింజ ఆకారంలో ఉండే అమిగ్డలా అనే భాగం మేల్కొంటుంది. దాని హెచ్చరిక అందగానే మూత్రపిండాల పైనుండే అధివృక్క గ్రంథులు మొదట అడ్రినలిన్‌ను, కొంచెం ఆలస్యంగా కార్టిసాల్‌ను రక్తంలోకి వదలుతాయి. గుండె వేగంగా కొట్టుకొంటుంది, కండరాలు బిగుస్తాయి, రక్తంలో చక్కెర పెరుగుతుంది. ఎదుట పులి ఉంటే ఈ ఏర్పాటు ప్రాణం కాపాడుతుంది. ఎదుట ఉన్నది పలక అయితే అదే ఏర్పాటు అడ్డు తగులుతుంది. కొత్త విషయాలను జ్ఞాపకంగా మలచే హిప్పోకాంపస్ అనే భాగం మీద ఈ హార్మోన్ల ప్రభావం అధికం. బ్రూస్ మెక్‌యువెన్ 1968లో ఎలుక మెదడును పరిశీలించి, అధివృక్క గ్రంథుల నుండి వచ్చే ఒత్తిడి హార్మోను హిప్పోకాంపస్‌కు చేరి అక్కడ నిలుస్తుందని చూపాడు. అంటే ఒత్తిడి కేవలం మనస్సుకు సంబంధించిన మాట కాదు; చదువు సాగే చోటికే అది నేరుగా చేరుతుంది. పట్టి చూచేందుకు, పోల్చి ఆలోచించేందుకు తోడ్పడే నుదుటి వెనుకటి భాగం కూడా ఆ సమయంలో పట్టు సడలుతుంది. ఆ స్థితిలో పిల్లవానికి గుర్తుండిపోయేది పాఠం కాదు, బెత్తం.

1909 వసంతంలో కృష్ణ జీవితం మలుపు తిరిగింది. దివ్యజ్ఞాన సమాజ నాయకులలో ఒకడైన లెడ్‌బీటర్ అడయారు సముద్రతీరంలో ఆ బాలుణ్ణి చూశాడు. బక్కచిక్కిన ఒళ్ళు, ఎప్పుడూ తెరచి ఉండే నోరు, శూన్యమైన చూపు. అట్టి పిల్లవాడు మహావక్త అవుతాడని, జగద్గురువుకు వాహికగా నిలుస్తాడని లెడ్‌బీటర్ ప్రకటించినప్పుడు, ఇంటిపాఠాలలో కృష్ణకు సాయపడిన ఎర్నెస్ట్ వుడ్ అనే యువకుడు నివ్వెరపోయాడు. అతని దృష్టిలో కృష్ణ తెలివితక్కువ బాలుడు. లెడ్‌బీటర్ చెప్పిన అలౌకిక కారణాలను ఎవరు నమ్మినా నమ్మకపోయినా, ఆయన చేసిన ఒక పని మాత్రం ఆ బాలునికి మేలు చేసింది. దెబ్బల సంగతి తెలిసిన వెంటనే పిల్లలను బడి మాన్పించమని తండ్రిని ఒత్తిడి చేశాడు. నారాయణయ్య వెంటనే అంగీకరించలేదు. ఇంగ్లీషు బడి చదువు లేనిదే సర్కారు కొలువు దొరకదని ఆయన దిగులు. ఆ దిగులు నేటి తల్లిదండ్రులకు కొత్తది కాదు. చివరకు ఒప్పుకొన్నాడు.

అడయారులో మంచి తిండి, ఈత, టెన్నిసు, సైకిలు సవారి, ఒక్కొక్క విషయానికి ఒక్కొక్క ఉపాధ్యాయుడు. బెత్తం లేదు. అంతకు ముందు ఇంగ్లీషు బొత్తిగా పలకని బాలుడు కొద్ది నెలలలోనే ఆ భాషలో ఉత్తరాలు రాయసాగాడు. అయితే ఆ చదువు కూడా పూర్తిగా నిర్భయమైనది కాదు. నోరు మూసుకొమ్మని ఎన్నిసార్లు చెప్పినా కృష్ణ మరచిపోతూ ఉండగా, ఒకనాటి పాఠంలో లెడ్‌బీటర్ అతని గడ్డం మీద కొట్టాడు. చిన్న దెబ్బే. కాని ఆ తరువాత వారిద్దరి మధ్య మునుపటి చనువు నిలువలేదని కృష్ణమూర్తి ఎన్నో ఏళ్ళ తరువాత కూడా జ్ఞాపకం చేసుకొన్నాడు. ఆ ఏడాది చివర అడయారు వచ్చిన అనీబిసెంట్ మాత్రం అతనికి మరో తల్లి అయింది. ఆమెను అతడు అమ్మా అనే పిలిచేవాడు.

తరువాతి ఘట్టాలు చరిత్రకెక్కినవే. 1911లో అతడు అధిపతిగా తూర్పు నక్షత్ర సంఘం వెలిసింది. కుమారులను తిరిగి అప్పగించమని నారాయణయ్య కోర్టుకెక్కాడు. మద్రాసు హైకోర్టు తండ్రి పక్షాన, 1914లో లండనులోని ప్రివీ కౌన్సిల్ అనీబిసెంట్ పక్షాన తీర్పు చెప్పాయి. సోదరులిద్దరూ ఇంగ్లండులో పెరిగారు. నిత్య న్యాయశాస్త్రం చదివి నెగ్గాడు. కృష్ణ లండను విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్షకు 1918, 1920 సంవత్సరాల మధ్య మూడు పర్యాయాలు కూర్చొని మూడు పర్యాయాలూ తప్పాడు.

ఈ ఓటమిని జీవితచరిత్రకారులు కొందరు తేలికగా దాటవేస్తారు. దాటవేయదగినది కాదు. బెత్తం మాయమై పదేళ్ళయింది; ఉపాధ్యాయులకు, సౌకర్యాలకు లోటు లేదు; అయినా పరీక్ష అతనికి లొంగలేదు. భయం తొలగినంత మాత్రాన ప్రతివాడూ ప్రథమశ్రేణిలో నెగ్గుతాడని చెప్పడానికి ఈ జీవితం పనికిరాదు. అయితే అప్పటికి అతని మీద మరొక బరువు ఉన్నదని కూడా మరువరాదు. వేలాది మంది అతణ్ణి రాబోయే జగద్గురువుగా ఎదురుచూస్తున్నారు. అటువంటివాడు మెట్రిక్యులేషన్ గదిలో కూర్చొన్నప్పుడు అది వట్టి పరీక్ష కాదు. అదే కాలంలో, పరీక్షల ఊసు లేని పారిస్‌లో, అతడు ఫ్రెంచి భాషను చక్కగా నేర్చుకొన్నాడు. తల్లిభాష తెలుగును మాత్రం చిన్ననాటనే దూరమై పూర్తిగా మరచిపోయాడు. మదనపల్లె బిడ్డ తన ఊరివారితో వారి మాటలో మాట్లాడలేకపోవడం తెలుగువారికి కొంచెం నొప్పి కలిగించే విషయమే.

పరీక్షగదిలో చదివినదంతా మాయం కావడం ఎందరికో అనుభవమే. దీనికి కారణాన్ని శాస్త్రజ్ఞులు చాలా ఆలస్యంగా పట్టుకొన్నారు. 1998లో ఎలుకల మీద, 2000లో మనుషుల మీద డి క్వెర్వెన్ బృందం జరిపిన పరిశోధనలు ఒక తేడాను చూపాయి. నేర్చుకొన్న తరువాత జ్ఞాపకం చేసుకోవలసిన సమయానికి శరీరంలో ఒత్తిడి హార్మోను హెచ్చుగా ఉంటే, లోపల భద్రంగా ఉన్న విషయం కూడా పైకి రాదు. ముందునాడు నేర్చుకొన్న మాటలను, ఒక గంట ముందు కార్టిజోన్ మాత్ర మింగినవారు సరిగా గుర్తుతెచ్చుకోలేకపోయారు. చదవనివానికి, చదివి తడబడినవానికి జవాబుపత్రంలో తేడా కనబడదు. లోపల జరిగింది మాత్రం వేరు.

1925 నవంబరులో నిత్య క్షయవ్యాధితో కాలిఫోర్నియాలోని ఓహాయిలో మరణించాడు. వరండా నుండి చేయి పట్టుకొని ఇంటికి నడిపించిన తమ్ముడు అతడు. ఆ వార్త తెలిసేసరికి కృష్ణమూర్తి ఓడలో భారతదేశానికి వస్తున్నాడు. నిత్య బ్రతుకుతాడని పెద్దలు ఇచ్చిన అభయం అబద్ధమైంది. ఆ దుఃఖం ఆయనను ఎంతగానో మార్చింది. 1929 ఆగస్టు 3వ తేదీన హాలండులోని ఓమెన్ అనే చోట, అనీబిసెంట్ సమక్షంలో, వేలాది సభ్యుల ఎదుట, తన కోసం నిర్మించిన సంఘాన్ని ఆయన తానే రద్దు చేశాడు. అనుచరులు వద్దన్నాడు; కానుకలుగా వచ్చిన భూములను తిరిగి ఇప్పించాడు.

గురుత్వాన్ని విడిచినా, పాఠశాలలు నెలకొల్పాలన్న తలంపును ఆయన విడిచిపెట్టలేదు. మదనపల్లెకు కొద్ది దూరంలో, ఋషికొండ పాదాన, ఒక పెద్ద మర్రిచెట్టు చుట్టూ ఉన్న బీడులోయను అప్పటికే ఎన్నుకొన్నాడు. అక్కడ వెలసినదే ఋషివ్యాలీ పాఠశాల. వర్షం ఎరుగని ఆ లోయలో వేలాది చెట్లు పెరిగి, పక్షులకు నెలవైంది. తరువాత కాశీలోని రాజఘాట్‌లో, 1969లో ఇంగ్లండులోని బ్రాక్‌వుడ్ పార్కులో, 1975లో ఓహాయిలో ఇటువంటి విద్యాలయాలే ఏర్పడ్డాయి.

బడిలో దెబ్బలు తిన్న మనిషి బడులు కట్టాలనుకోవడంలో ఆశ్చర్యం లేదు. ఆశ్చర్యకరమైనది ఆయన దెబ్బల దగ్గర ఆగిపోకపోవడం. బెత్తాన్ని తీసివేస్తే భయం పోదని ఆయన గ్రహించాడు. ఒక పిల్లవాణ్ణి మరొకనితో పోల్చడం, మార్కుల పట్టిక, బహుమతి ఆశ, తండ్రి ముఖంలోని నిరాశ - ఇవన్నీ బెత్తం లేని బెత్తాలేనని ఆయన వాదం. మైలాపూరు బడిలో తమ్ముని పక్కన నిలిపి చూడబడిన అన్నకు ఈ సంగతి ఎవరూ నేర్పనక్కరలేదు. 1953లో వెలువడిన విద్యాగ్రంథంలోనూ, 1978 నుండి తన పాఠశాలలకు రాసిన లేఖలలోనూ ఆయన మళ్ళీ మళ్ళీ చెప్పిన మాట ఒకటి ఉంది: బడి అంటే తీరిక గల చోటు. ఏదో కావాలన్న తొందరతో, ఎవరికో వెరచి ఉన్న మనస్సుకు వినే చోటు ఉండదు. తీరిక అంటే సోమరితనం కాదు. గడియారం ముందు కూర్చొన్న ఆ బాలుని తీరిక వంటిది అది. భయపడే ఉపాధ్యాయుడు పిల్లలకు భయాన్నే నేర్పుతాడని కూడా ఆయన హెచ్చరించాడు. ఋషివ్యాలీకి వచ్చినప్పుడల్లా పిల్లలతో కూర్చొని మాట్లాడేవాడు. సూర్యాస్తమయ వేళ కొండల వైపు చూస్తూ పిల్లలు మౌనంగా కూర్చొనే అస్తాచల్ అనే ఆచారం ఆ బడిలో స్థిరపడింది. పై తరగతులకు వచ్చేసరికి వారూ అందరివలె పబ్లిక్ పరీక్షలు రాయవలసినదే. ఆ పాఠశాల లోకానికి వెలుపల లేదు.

ఒత్తిడి ఎంతకాలం ఉన్నదన్నది కూడా ముఖ్యమే. కొద్దిపాటి ఒత్తిడి మనిషిని మేల్కొల్పుతుంది. పరీక్షకు ముందు కొంత గుబులు హాని చేయదు. దినాల తరబడి సాగే ఒత్తిడి వేరు. బెంగుళూరులో సుమంత్ర ఛటర్జీ బృందం 2002లో ప్రకటించిన పరిశోధనలో, దీర్ఘకాలం ఒత్తిడికి గురైన ఎలుకల హిప్పోకాంపస్‌లో నాడీకణాల కొమ్మలు కుంచించుకుపోగా, అమిగ్డలాలో మాత్రం అవి మరింతగా విస్తరించాయి. నేర్చుకొనే చోటు తరిగి, భయపడే చోటు పెరిగిందన్నమాట. ఆ బృందమే 2004లో మరొక అడుగు వేసింది. ఒత్తిడి తొలగించి మూడు వారాలు విశ్రాంతినిస్తే హిప్పోకాంపస్ తిరిగి కోలుకొన్నది. అమిగ్డలాలోని పెరుగుదల మాత్రం తగ్గలేదు. ఎలుకలలో కనిపించినదంతా మనిషికి యథాతథంగా వర్తించదు. అయినా, పాఠాలు త్వరలోనే పట్టుబడిన బాలునికి గడ్డం మీది చిన్న దెబ్బ జీవితాంతం ఎందుకు గుర్తుండిపోయిందో ఆలోచించేటప్పుడు ఈ ఎలుకలు మనస్సులో మెదలక మానవు.

కృష్ణమూర్తి కూడా మెదడును గూర్చి చాలా మాట్లాడాడు. భౌతికశాస్త్రజ్ఞుడు డేవిడ్ బోమ్‌తో జరిపిన సుదీర్ఘ సంభాషణలలో, లోతైన అంతర్దృష్టి మెదడు కణాలలోనే మార్పు తేగలదని ప్రతిపాదించాడు. ప్రయోగశాల ఇంతవరకు చూపినదాని కంటె అది చాలా పెద్ద మాట. భయానికీ, నేర్చుకోవడానికీ గల విరోధాన్ని గూర్చి ఆయన చెప్పినదానికి ఆధారాలు ఉన్నాయి. ఈ రెండవదానికి అంతటి ఆధారాలు లేవు. రెంటినీ వేరుచేసి చూడడమే సమంజసం. ఎవరి మాటనూ ప్రమాణంగా స్వీకరించవద్దని బోధించినవానికి ఈ మర్యాద చెల్లుతుంది.

1985 చివర ఆయన ఆఖరుసారి ఋషివ్యాలీకి వచ్చాడు. 1986 జనవరిలో మద్రాసు విడిచి ఓహాయి చేరి, ఫిబ్రవరి 17వ తేదీన క్లోమగ్రంథి కాన్సరుతో మరణించాడు. వయస్సు తొంభై సంవత్సరాలు. విద్యాహక్కు చట్టం దేశంలోని బడులన్నిటా పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది ఆ తరువాత చాలా కాలానికి, 2009లో.

ఆయన జీవించినంత కాలం ఒక విమర్శ వినిపిస్తూ ఉండేది. ఋషివ్యాలీలో చదివేది ఎక్కువగా కలిగినవారి పిల్లలు. భయం లేని చదువు కూడా వారికేనా అని. ఆ ప్రశ్నకు జవాబు వెదకే పని ఆయన మరణానంతరం ఆ లోయ చుట్టుపక్కల పల్లెల్లో మొదలైంది. ఒకే గది, ఒకే ఉపాధ్యాయుడు, అన్ని వయస్సుల పిల్లలు ఉండే చిన్న బడులవి. అక్కడ పాఠ్యాంశాలను బొమ్మల గుర్తులున్న కార్డులుగా విడగొట్టారు. గోడ మీద మెట్ల పటం ఉంటుంది. పిల్ల తాను నిన్న ఎక్కడ ఆగిందో చూచుకొని, తరువాతి కార్డును తానే తెచ్చుకొంటుంది. కొందరు ఉపాధ్యాయుని దగ్గర కూర్చొంటారు, కొందరు తోటివారి సాయంతో చేస్తారు, కొందరు ఒంటరిగా చేసుకొంటారు. జ్వరం వచ్చి నెల రోజులు బడికి రాని పిల్లవాడు తిరిగి వచ్చినప్పుడు, తరగతి ముందుకు పోయిందన్న మాట ఉండదు. అతని మెట్టు అతని కోసం ఆగి ఉంటుంది. పరీక్ష కూడా ఆ కార్డులలోనే ఒకటి. పిల్లవాడు అక్కడికి చేరినప్పుడే అది వస్తుంది.